అచ్చం మేనమామ పోలికే

మా బిడ్డకు మాటలు రావడం లేదని నేను ఎవరి ముందు మొర పెట్టుకున్నా ఒకటే జవాబు వచ్చేది. మేనమామ పోలిక! మా అమ్మ అదే అనేది, మా అత్తమ్మ అదే అనేది, మా ఆయన అదే అనేవాడు. ఎదురింటామె పాల ప్యాకెట్ కోసం గేటు దగ్గర నిలబడి అదే అనేది. మేనమామ అంటే నా తమ్ముడు. వాడికి ఐదో ఏడు వచ్చేదాకా నోట మాట లేదు. "వాడు మాట్లాడలేదా ఏంది? ఇది గూడ మాట్లాడ్తది. నువ్వు ఉత్తగ పరేషాన్ కాకు" అని అందరూ కలిసి నా నోరు మూయించారు. ఇప్పటికీ ఎవరైనా ఆ రెండు ముక్కలు అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది జహీరాబాద్. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. నేను మొగుడంపల్లి వైపు ఒక పల్లెలో సర్కారు బడి టీచర్ని. ఒకటో తరగతి పిల్లలు నాకేం కొత్త కాదు. మొండివాళ్ళను చూశాను, సిగ్గరులను చూశాను, నోరు తెరిస్తే మూయనివాళ్ళనూ చూశాను. నా బిడ్డ వాళ్ళెవరిలాగా లేదు. రెండేళ్ళు దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టినా అంతే. పోనీ చెవుల్లో లోపమా అంటే, నేను వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చింపగానే ముందు గదిలోంచి పరిగెత్తుకొచ్చేది. దాహమైతే అడగదు, వేలు పెట్టి చూపించదు. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి నా చేతిని బిందె మీద పెట్టేది. నా మొహం వైపు మాత్రం చూసేది కాదు. గిన్నెల మూతలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే గిర్రున తిప్పుతూ పూటంతా గడిపేది. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. ఇవన్నీ చెబితే, "ఎంత నిమ్మళమైన పిల్ల! ఒక్క అల్లరి లేదు. నీకింక ఏం గావాలె?" అనేవాళ్ళు. నాకు ఏం కావాలో ఒకటే. నా బిడ్డకు ఏమైందో ఎవరైనా ముక్కుసూటిగా చెప్పాలి. ఏం చెయ్యాలో చెప్పాలి. ఈలోగా అది పెరిగిపోతోంది, కాలం నా కోసం ఆగడం లేదు.

ఇంటికి వచ్చే చుట్టాలది ఇంకో బాధ. చెప్పులు విప్పకముందే పరీక్ష మొదలు. "అత్త అను బిడ్డా. ఏదీ, అత్త అను. ఒక్కసారి అంటే చాక్లెట్ ఇస్త." నేను బడిలో నా పిల్లలకు కూడా అన్ని పరీక్షలు పెట్టను. ఒకావిడ అయితే, అనలేదని చూపించిన చాక్లెట్‌ను మళ్ళీ తన పర్సులో వేసుకుంది. వేసుకుని, "పొగరు శానా ఉన్నదే దీనికి" అని నవ్వింది కూడా. ఆవిడ వెళ్ళిపోయాక ఆవిడ తాగిన చాయ్ కప్పును సింకులోకి విసిరితే చెవి ఊడింది. "అది నిన్నేం జేసిందే?" అని అత్తమ్మ కప్పును చూసి బాధపడింది.

ఊర్లో పేరున్న పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నేను, మా ఆయన, అత్తమ్మ. ఆ డాక్టర్ బిడ్డను సరిగా చూసిందే లేదు. గొంతులో లైటు వేసి చూశాడు, ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టాడు, అది గుక్కపట్టి ఏడుస్తుంటే, "గొంతు మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. అక్కడి నుంచి మాటలన్నీ మా ఆయనతోనే. నేను అడిగినదానికి కూడా జవాబు ఆయనకే. "ఫోన్ ఇస్తున్నరా పిల్లకు? మేడం డ్యూటీకి పోతరా? ఆ, అదే మరి. ఇంట్ల మాట్లాడేటోళ్ళు లేకుంటె పిల్లలకు మాటలు యాడికెల్లి వస్తయి?" పగలంతా అత్తమ్మ దానితో మాట్లాడుతూనే ఉంటుంది, సాయంత్రం వచ్చి నేను మాట్లాడతాను, పొద్దున షిఫ్టు ఉన్న రోజుల్లో మా ఆయన మాట్లాడతాడు. మా ఇంట్లో మాటలకు కరువేమీ లేదు.

"సార్, పిలిస్తే చూడదు. మా మొహాల్లోకి చూడదు. ఏదీ వేలితో చూపించదు" అన్నాను.

ఆయన నా వైపు తిరక్కుండానే, "మీ ఇండ్లల్ల ఎవరికన్న మాటలు లేటుగ వచ్చినయా?" అని అడిగాడు.

అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "వచ్చినయి సారు! మేనమామకు. ఐదేండ్ల దాకా ఉలుకు లేదు పలుకు లేదు. ఇప్పుడు సూడున్రి, అల్లం ఎవుసం చేస్తుండు, మంచిగ మాట్లాడ్తడు."

"ఇగ అదే. మీ ఖాందాన్ల ఉన్నది. ఫికర్ చెయ్యకున్రి. జర ఆగున్రి, అవే వస్తయి" అని ఆకలి పుట్టడానికి ఒక టానిక్ రాసిచ్చాడు. ఆకలి కాక నా బిడ్డ మాట్లాడటం మానేసిందా? తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మా ఆయన మాత్రం తేలికపడి బయటికొచ్చి చెరుకు రసం తాగాడు. డాక్టరే చెప్పాడు కదా, ఇక నేను నోరెత్తడానికి లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇంట్లో ఏడాది కాలం ఊరికే కూర్చున్నారు.

ఊరికే అంటే మరీ ఊరికే కాదులెండి. అత్తమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి, రోజూ పొద్దున్నే దాని నాలుకకు రాసేది. వస తింటే మాటలు దంచేస్తారట. నా బిడ్డ మాత్రం ఆ ఘాటుకు తిన్నదంతా కక్కేది. ఒకరోజు కక్కిన బట్టలతోనే సానరాయిని తీసుకెళ్ళి పెరటి గోడ అవతల పారేశాను. తర్వాత జామకాయ వంతు వచ్చింది. చిలుక కొరికిన జామకాయ తినిపిస్తే చిలుకలా మాట్లాడుతుందని ఎవరో చెబితే మా ఆయన డ్యూటీ దిగి తోటల వెంట తిరిగి తెచ్చాడు. అది చిలుక కొరికిందో, ఉడుత కొరికిందో ఆ దేవుడికే తెలియాలి. చదువుకున్న మనిషి, ఇంజిన్లు బిగించే మనిషి, సగం కొరికిన కాయను జేబురుమాలులో చుట్టుకుని తెచ్చి నా ముందు పెట్టాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి ఊరుకున్నాను. ఆయనా తండ్రే కదా, ఏదో ఒకటి చెయ్యాలని ఆయనకీ ఉంది. కాకపోతే చెయ్యాల్సింది తప్ప అన్నీ చేస్తున్నాడు.

ఇక నా తమ్ముడి సంగతి. మా అమ్మగారిది ఝరాసంగం దగ్గర ఒక పల్లె. నాన్న పోయాక అల్లం చేనంతా వాడే చూసుకుంటాడు. ముప్పై దాటాయి. "వానికేమైంది? మంచిగనే ఉన్నడు" అంటుంది అమ్మ. ఏం మంచిగున్నాడో నన్ను చెప్పనివ్వండి. బడిలో సారు మొహంలోకి చూసి జవాబు చెప్పడని, అది పొగరనుకుని, వాడి చేతులు వాచేలా కొట్టేవారు. చుట్టాలొస్తే పలకరించడని అమ్మ కొట్టేది. అన్నంలో కూర తగిలితే తినడని కొట్టేది. పెళ్ళిలో బ్యాండు మోగితే పారిపోతాడని, పదిమందిలో పరువు తీశాడని ఇంటికొచ్చాక కొట్టేది. ఏడో తరగతిలో బడి మానేశాడు. ఊర్లో వాడికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయను, చేతులు రావడం లేదు. ఇప్పుడు చేనులోనే ఒక రేకుల గది వేసుకుని ఉంటాడు. అన్నానికి కూడా ఇంటికి రాడు, అమ్మే గిన్నె పట్టుకెళ్ళి గడప దగ్గర పెట్టి వస్తుంది. వాడికి స్నేహితుడనేవాడు ఒక్కడు లేడు. నేను వెళితే "అక్కా, వచ్చినవా" అంటాడు. అంతే, తర్వాత మాట ఉండదు. మాట వచ్చింది కాబట్టి అన్నీ వచ్చేసినట్టే లెక్క మావాళ్ళకు. వాడెట్లా బతుకుతున్నాడని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

అసలు సంగతి నాకు బిడ్డ పుట్టువెంట్రుకల నాడు తెలిసింది. మూడో ఏట తీయించాం. మాలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టే తీయించాలి, లేకపోతే కుదరదు. తమ్ముడు రానన్నాడు. అమ్మ ఏడ్చి, బతిమాలి, కొత్త చొక్కా తొడిగి తీసుకొచ్చింది. గుడి ముందు చాప మీద కూర్చోబెట్టారు. వాడి ఒడిలో నా బిడ్డ. వాడు దాన్ని బుజ్జగించలేదు, మామ అనమని అడగలేదు. అది కూడా ఏడవకుండా వాడి చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది. నాకు భలే ఆశ్చర్యమేసింది. అంతలో డప్పులు మొదలయ్యాయి. పైన మైకులో పాట. నా బిడ్డ కెవ్వుమని రెండు చెవులూ మూసుకుని, కళ్ళు గట్టిగా మూసి, ముందుకూ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. దాని వెనక నా తమ్ముడు, అంత మనిషి, రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మూసుకుని, ముందుకూ వెనక్కీ ఊగుతున్నాడు.

మంగలాయన కత్తి పట్టుకుని ఆగిపోయాడు. ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వులు.

"అరె, చూడున్రి చూడున్రి! అచ్చం మేనమామ పోలికే!"

ఫోన్లు బయటికొచ్చాయి. నలుగురైదుగురు వీడియో తీస్తున్నారు. మా అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, తన రక్తం మనవరాలిలో కనబడిందని సంబరం. వాళ్ళిద్దరూ అక్కడ ప్రాణం పోయేలా అల్లాడుతుంటే ఇంతమందికి అది తమాషా అయింది. నేను డప్పుల వాళ్ళ మీదికి ఉరికాను. "ఆపున్రి! చెప్తున్న గదా, ఆపున్రి!" అని అరిచిన అరుపుకు డప్పులే కాదు, నవ్వులు కూడా ఆగిపోయాయి. ఎవరో వెళ్ళి మైకు కట్టేశారు. చప్పుడు ఆగగానే ఇద్దరి చేతులూ చెవుల మీది నుంచి కిందికి దిగాయి. పోలిక నిజమేనని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ అందరూ నాకు ధైర్యం చెప్పడానికి వాడిన మాటే నన్ను నిలువునా భయపెట్టింది. నా తమ్ముడికి ఏదో ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అదే నా బిడ్డకు ఉంది, దీన్నీ ఎవరూ పట్టించుకోవడం లేదు.

సాయంత్రానికల్లా ఆ వీడియో చుట్టాలందరి వాట్సాప్ స్టేటస్‌ల్లో ఉంది. నవ్వుతూ ఏడ్చే బొమ్మలు కూడా పెట్టారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీయించాను. మర్యాదగా చెబితే తీసినవాళ్ళు తక్కువ, నా నోటికి జడిసి తీసినవాళ్ళే ఎక్కువ.

మర్నాడు పొద్దున, హైదరాబాద్‌లో ఇలాంటి పిల్లల్నే చూసే డాక్టర్ దగ్గరికి పోదామని మా ఆయనకు చెప్పాను. ఆయన బూట్లకు లేసులు కట్టుకుంటూనే విన్నాడు.

"ఒక్కసారి పేరు పెట్టిన్రంటే అది ఇగ జన్మల పోదు. రేపు బడిల చెప్పాలె. ఎల్లుండి పెండ్లికి అడ్డం వస్తది" అన్నాడు.

"మూడేండ్ల పిల్ల పెండ్లి గురించా నీ రంది? మరి మా తమ్మునికి ఏ పేరు పెట్టలేదు గదా, ఏం ఒరిగింది వానికి? ఊరోళ్ళు పెట్టలేదా పేర్లు? నువ్వు వస్తె రా, లేకుంటె నేనే పోత."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. కానీ ఆ వారంలోనే సెలవు పెట్టి మాతో హైదరాబాద్ బయల్దేరాడు.

బస్సులో బిడ్డను పట్టుకోవడానికి తోడుంటుందని అమ్మను రమ్మన్నాం. అక్కడే నా తెలివి తెల్లారింది. సంగారెడ్డి దాటాక, మా ఆయన ముందు సీట్లో కునుకు తీస్తుంటే, అమ్మ నా చెవి దగ్గర గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "బీదర్ దిక్కెల్లి తమ్మునికి సంబంధం వచ్చింది. పిల్ల మంచిగున్నదట. ఆ డాక్టరమ్మ దగ్గర వాని ముచ్చట తియ్యకు బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్ల సంది ఊరంత చెప్పుకుంట తిరిగింది నువ్వే గదనే!"

"అది వేరే, ఇది వేరే. అది మాటలు లేటుగ వచ్చిన ముచ్చట. ఇది దవాఖాన ముచ్చట."

కిటికీ పక్క లారీలు రయ్యిమని పోతున్నాయి. నా బిడ్డ వాటి చక్రాలను చూస్తూ నా ఒడిలో మెదలకుండా కూర్చుంది. 

అక్కడి డాక్టరమ్మ ముందు మాతో మాట్లాడనే లేదు. కింద చాప మీద కూర్చుని బిడ్డ ముందు బొమ్మలు పెట్టి, పిలిచి, బుడగలు ఊది, చాలాసేపు ఊరికే చూస్తూ ఉంది. ఒక మనిషి నా బిడ్డను అంత ఓపికగా చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటే కోపమొచ్చింది. ఇదేం పెద్ద విద్య కాదు కదా, మా ఊర్లో ఆయనకు ఈ మాత్రం తీరిక లేకపోయిందా? తర్వాత ఆమె కుర్చీలో కూర్చుని మమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. కాన్పు ఎలా అయింది, నడక ఎప్పుడొచ్చింది, చెవుల పరీక్ష చేయించారా. అడుగుతూ అడుగుతూ అక్కడికే వచ్చింది.

"మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా మాటలు ఆలస్యంగా రావడం గానీ, నలుగురిలో కలవలేకపోవడం గానీ ఉందా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "లేదమ్మా. మా ఇంట్ల అసుమంటోళ్ళు ఎవ్వరు లేరు."

ఎంత నిబ్బరంగా అందో! ఏ నోటితోనైతే ఇన్నాళ్ళూ మేనమామ పోలిక, మేనమామ పోలిక అని నన్ను ఊరుకోబెట్టిందో, అదే నోరు. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. బల్ల కింద అమ్మ చెయ్యి నా తొడను గట్టిగా పట్టుకుంది.

"ఉన్నాడు మేడం" అన్నాను. "నా తమ్ముడు." ఆ తర్వాత ఇక ఆగలేదు. ఐదో ఏటి మాటల దగ్గరి నుంచి, బడిలో తిన్న దెబ్బలు, పెళ్ళిళ్ళ నుంచి పారిపోవడం, రేకుల గది, నిన్నమొన్నటి డప్పుల దాకా అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అమ్మ గోళ్ళు నా తొడలో దిగుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ అంతా విని, "ఈ సంగతి మీ ఊర్లో డాక్టర్‌కెవరికైనా చెప్పారా?" అని అడిగింది.

"చెప్పాం. అది వినే, ఫికర్ వద్దు, ఆగమన్నారు."

ఆమె కలం పక్కన పెట్టింది. "అది విన్నాక ఆగమనకూడదు. అది వినగానే పంపించాలి" అంది మెల్లగా. ఆ తర్వాత ఆ మాట చెప్పింది. ఆటిజం. నా తప్పు కాదంది. ఫోన్ వల్లా కాదు, ఉద్యోగం వల్లా కాదు, అది పుట్టుకతోనే ఉంటుందంది. నేర్పించే పద్ధతులున్నాయి, ఇప్పుడే మొదలుపెడదాం, ముందే వచ్చి ఉంటే ఇంకా బాగుండేదంది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు మాత్రం గుండెల మీది బండ దిగింది, దిగిన చోటే నిప్పు రాజుకుంది. పోగొట్టుకున్న ఆ ఏడాదిని నాకెవరు తెచ్చిస్తారు? టానిక్ రాసినాయన తెస్తాడా, చాక్లెట్ దాచుకున్నావిడ తెస్తుందా?

మా ఆయన బిడ్డనెత్తుకుని మందుల షాపు వైపు వెళ్ళాడు. వరండాలో అమ్మ, నేను మిగిలాం.

"సల్లబడ్డదా నీ కడుపు?" అంది అమ్మ. "తమ్ముని సంబంధం ఇగ అయినట్టే. సొంత తోడవుట్టినోన్ని పిచ్చోన్ని చేసి పెట్టినవ్."

"పిచ్చి అని ఎవరన్నరే?" నా గొంతు వరండా అంతా వినబడి ఉంటుంది. ఎవరేమనుకున్నా అప్పుడు నాకు లెక్కలేదు. "వానికి పొగరు లేకుండె అమ్మా. మొండితనం గూడ లేకుండె. కండ్లల్ల చూసుడు వానితోని కాదు. ఆ సప్పుడు వాడు నిజంగనే ఓర్వలేడు. పుట్టినకాడికెల్లి గట్లనే ఉన్నడు. ఎవ్వలికి చెప్పరాక గట్లనే దెబ్బలు తిన్నడు."

అమ్మ ఎదురు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె స్టీలు కుర్చీలో కూలబడి తన చేతులనే చూసుకుంది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది. నిజంగానే అడిగింది, జవాబు కావాలని.

"గట్లయితె మరి నేను వాన్ని ఎందుకు కొట్టిన?"

ఊర్లో ప్రతి ఒక్కరిని కడిగేయడానికి నా దగ్గర మాటలున్నాయి. ఆ ప్రశ్న విన్నాక మాత్రం వెళ్ళి అమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాను.

అమ్మ లేచింది. కొంగు నడుముకు దోపుకుని నేరుగా వెళ్ళి డాక్టరమ్మ గది తలుపు పట్టుకుంది. అక్కడ కూర్చున్న నర్సు అడ్డం వచ్చింది.

"అమ్మా, మీది అయిపోయింది గదా?"

"నా కొడుకును గూడ చూస్తరా అని అడగాలె."

"ఎన్నేండ్లు బాబుకు?"

"ముప్పై దాటినయ్."

నర్సుకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఇక్కడ పిల్లలనే చూస్తరమ్మా. పెద్దోళ్ళను చూడరు."

"పిల్లగానప్పుడు ఎవ్వరు చూడలేదు బిడ్డా" అంది అమ్మ, తలుపు వదలకుండా.